ఓజీ 1.054 రావాల్సింది 1.068 వచ్చింది, బ్యాచ్ పాడైనట్టేనా?

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు ముందు ఒకసారి చెప్తాను. ఎక్స్‌ట్రాక్ట్ కిట్లతో (తయారుగా దొరికే మాల్ట్ పాకంతో) కొన్నాళ్ళు బీరు చేశాక ఇది మీ మొదటి ఆల్‌గ్రెయిన్ బ్యాచ్, అంటే మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) గింజల నుంచే చేసింది. డాలస్ దగ్గర మీ ఇంటి పెరట్లో, ప్రొపేన్ బర్నర్ మీద, సంచి పద్ధతిలో (గింజలను సంచిలో పెట్టి వేడి నీళ్ళలో నానబెట్టి) అమెరికన్ పేల్ ఏల్ అనే బీరు చేశారు. 10 పౌండ్ల టూ-రో పేల్ మాల్ట్, అర పౌండు క్రిస్టల్ 40 (రంగు, రుచి కోసం వేసే మాల్ట్). రెసిపీ ప్రకారం ఫెర్మెంటర్‌లోకి 5 గ్యాలన్లు రావాలి, ఎఫిషియెన్సీ (గింజల్లోని చక్కెరలో చేతికొచ్చే వాటా) 70 శాతం, ఓజీ (ఒరిజినల్ గ్రావిటీ, అంటే పులియక ముందు ద్రవం సాంద్రత) 1.054, చేదు 38 ఐబీయూ (చేదుకు కొలమానం). చల్లారిన వర్ట్‌లో (గింజల నుంచి దిగిన తీపి ద్రవంలో) మీ హైడ్రోమీటర్ (సాంద్రత కొలిచే గాజు గొట్టం) 1.068 చూపించింది. నిన్న సాయంత్రం యూఎస్-05 ఈస్ట్ ఒక ప్యాకెట్ వేసేశారు. ఇప్పుడు టెన్షన్ పడుతున్నారు: కొలత తప్పా, మాల్ట్ ఎక్కువ పడిందా, బీరు పాడైందా, నీళ్ళు కలపొచ్చా, వచ్చేసారి మాల్ట్ తగ్గించాలా అని.

బీరు పాడవలేదు. మీ బకెట్‌లో చక్కెర పెద్దగా ఎక్కువ కాలేదు, నీళ్ళు తక్కువయ్యాయి. ఇది ఈ రోజే చదివితే, కాచి చల్లార్చిన నీళ్ళు ముప్పావు గ్యాలను, అంటే సుమారు 2.8 లీటర్లు, శుభ్రంగా కలపండి. ఓజీ 1.058 దగ్గరికి వస్తుంది, మీరు చేయాలనుకున్న పేల్ ఏలే చేతికొస్తుంది. రేపటికో ఎల్లుండికో చదివితే ఏమీ కలపకండి, వదిలేయండి. అప్పుడు కొంచెం గట్టి బీరు తాగుతారు, అంతకంటే నష్టం లేదు.

ఎందుకలా అంటున్నానో వివరంగా రాస్తాను. ఈ లెక్క ఒక్కసారి చేతికి వస్తే ఇక ముందు ఏ బ్యాచ్‌లో ఏ అంకె తేడా వచ్చినా మీకు మీరే పట్టుకోగలరు.

మీ ప్రశ్నలో అసలు జవాబు చివరి రెండు వాక్యాల్లో ఉంది. హాప్స్ (చేదునిచ్చే పువ్వులు) వేయడం ఆలస్యమై గంట బాయిల్ (వర్ట్ మరిగించడం) 75 నిమిషాలు అయిందని రాశారు. బకెట్‌లో వర్ట్ 4.25 గ్యాలన్ల గీత దాకానే వచ్చిందని రాశారు. మీరు వాటిని పెద్దగా పట్టించుకోలేదు గానీ, నేను మొదట చూసింది ఆ 4.25నే. గ్రావిటీ ఒక్కటే చెప్తే అది సగం సమాచారం. ఎన్ని గ్యాలన్లలో ఆ గ్రావిటీ అన్నది మిగతా సగం. చారు పొయ్యి మీద మరిచిపోతే ఎవరూ ఉప్పు కలపకుండానే ఉప్పగా అవుతుంది కదా, వర్ట్ సంగతీ అంతే.

లెక్క ఇలా చేయాలి. ఓజీలో 1.0 తర్వాత వచ్చే అంకెలను పాయింట్లు అంటాం. 1.054 అంటే 54 పాయింట్లు, 1.068 అంటే 68. పాయింట్లను గ్యాలన్లతో గుణిస్తే బకెట్‌లో మొత్తం ఎంత చక్కెర ఉందో తెలుస్తుంది. ఈ మొత్తం మరిగించినా మారదు, నీళ్ళు కలిపినా మారదు.

ఒక పౌండు మాల్ట్‌లో ఉన్నదంతా ఒక గ్యాలనులోకి దిగితే ఎన్ని పాయింట్లు వస్తాయో మాల్ట్ వివరాల్లో ఉంటుంది. అమెరికన్ టూ-రోకి 37 అనుకోండి, క్రిస్టల్ 40కి 34. మీ పది పౌండ్ల టూ-రోకి 37 చొప్పున 370, అర పౌండు క్రిస్టల్‌కి 17, మొత్తం 387. మీ గింజల్లో ఉన్న చక్కెరకు పైకప్పు ఇది. రెసిపీ ఇందులో 70 శాతం వస్తుందని అనుకుంది: 271. దాన్ని 5 గ్యాలన్లతో భాగిస్తే 54. అక్కడి నుంచి వచ్చిందే మీ 1.054.

మీకు నిజంగా వచ్చింది 68 పాయింట్లు, 4.25 గ్యాలన్లలో. గుణిస్తే 289. అంటే 387లో దాదాపు 75 శాతం. 70 అనుకున్నచోట 75 రావడం కంగారు పడాల్సిన విషయం కానే కాదు, మొదటి ఆల్‌గ్రెయిన్ బ్యాచ్‌కి చాలా మంచి ఫలితం.

ఇప్పుడు ఆ అదనపు 14 పాయింట్లను విడదీద్దాం. ఎఫిషియెన్సీ సరిగ్గా 70 శాతమే వచ్చి, వర్ట్ మాత్రం 4.25 గ్యాలన్లకు తగ్గి ఉంటే, 271ని 4.25తో భాగిస్తే 64 వస్తుంది. అంటే 54 నుంచి 64 దాకా, పది పాయింట్లు, కేవలం నీళ్ళు ఆవిరవడం వల్ల వచ్చాయి. మిగిలిన నాలుగే మీ మ్యాష్, అంటే గింజలను వేడి నీళ్ళలో నానబెట్టడం, బాగా జరిగినందువల్ల వచ్చాయి. "మాల్ట్ ఎక్కువ పడిందా" అన్న మీ అనుమానానికి ఈ లెక్కలో చోటే లేదు.

నీళ్ళు ఎక్కడికి పోయాయి? మీరు 7.25 గ్యాలన్లతో మొదలుపెట్టారు. సంచి పిండినా గింజలు పౌండుకు సుమారు 0.08 గ్యాలను పట్టుకుంటాయి, మీ పదిన్నర పౌండ్లకు 0.85 దాకా పోతుంది. బాయిల్‌కి ముందు కెటిల్‌లో 6.4 ఉండి ఉంటుంది. రెసిపీ రాసినవాళ్ళు గంటకు ఒక గ్యాలను ఆవిరవుతుందని లెక్క వేశారు. 6.4లోంచి ఒకటి పోతే 5.4, చల్లారేటప్పుడు 4 శాతం కుంచించుకుపోతే 5.2, అడుగున ట్రబ్ (మడ్డి)తో పాటు కెటిల్‌లో వదిలేసేది 0.2. బకెట్‌లోకి 5. వాళ్ళ లెక్క అలా కుదిరింది.

మీ కెటిల్ 15 గ్యాలన్లది, వెడల్పు ఎక్కువ. ఆవిరి పైభాగం వైశాల్యాన్ని బట్టి, మంట జోరును బట్టి పోతుంది. టెక్సస్ ఎండలో, గాలి ఆడే పెరట్లో, పెద్ద బర్నర్ పూర్తిగా తెరిచి పెడితే గంటకు 1.4 గ్యాలన్లు పోవడం మామూలే. దాన్ని 75 నిమిషాలకు లెక్కేస్తే 1.75. 6.4లోంచి 1.75 తీసేయండి, చల్లారినప్పటి తగ్గుదల, ట్రబ్ కూడా తీసేయండి, సరిగ్గా 4.25 దగ్గర ఆగుతుంది. మీరిచ్చిన అంకెలన్నీ ఒకదానితో ఒకటి ఇంత చక్కగా కలుస్తున్నాయి కాబట్టే నేను కొలత తప్పు అనుకోవడం లేదు.

నేనుండేది డెన్వర్‌లో. సముద్రమట్టానికి మైలు ఎత్తు, నీళ్ళు ఇక్కడ 95 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతాయి, గాలి బాగా పొడిగా ఉంటుంది. ఒకే కెటిల్, ఒకే బర్నర్ అయినా, గాలి లేని రోజుకీ వసంతంలో గాలి విసిరే రోజుకీ నాకు అర గ్యాలను దాకా తేడా కనిపిస్తుంది. ఆవిరి లెక్క అనేది రెసిపీది కాదు, మీ కెటిల్‌ది, మీ మంటది, మీ పెరడుది. ఇంకొకరి అంకె మీకు పనికిరాదు. ఈ ఒక్క విషయం మీద పట్టు వస్తే ఓజీ తేడాల్లో చాలా భాగం పోతాయి.

గాలి తగలకుండా ఉండాలని బర్నర్‌ను మూసిన గ్యారేజీలోకి మాత్రం దయచేసి తీసుకెళ్ళకండి. ప్రొపేన్ మంట నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి వాసన ఉండదు, ప్రాణం పోతుంది. ఆరుబయటే చేయండి.

ఆ మిగిలిన నాలుగు పాయింట్లు. కొత్త షాపులో మాల్ట్ ఆడించుకున్నానని, పిండి ఎక్కువగా కనిపించిందని రాశారు. అదే కారణం. మామూలు షాపుల్లో రోలర్ల మధ్య ఖాళీ మిల్లీమీటరుకు అటూ ఇటూ పెడతారు, అంతకంటే దగ్గరగా పెడితే గింజ ఇంకా మెత్తగా నలుగుతుంది, పిండిపదార్థం త్వరగా, పూర్తిగా చక్కెరగా మారుతుంది. మ్యాష్ టన్‌తో (సంచి లేకుండా, గింజల పొర గుండా వర్ట్ వడకట్టే పాత్రతో) చేసేవాళ్ళకు అంత మెత్తదనం ఇబ్బంది, పొట్టు చిరిగిపోయి వర్ట్ కిందికి దిగకుండా ఆగిపోతుంది. మీది సంచి కాబట్టి ఆ బాధ లేదు. పైగా సంచిని గట్టిగా పిండారు. పిండితే టానిన్లు దిగి వగరు వస్తుందని కొందరు భయపెడతారు. వగరు పిండటం వల్ల రాదు. వేడి మరీ ఎక్కువై, పీహెచ్ 6కి దగ్గరగా పెరిగినప్పుడు వస్తుంది. మ్యాష్ పీహెచ్ 5.2, 5.6 మధ్య ఉంటే నిశ్చింతగా పిండుకోండి.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. గింజ తక్కువ, నీళ్ళు ఎక్కువ ఉన్న బ్యాచ్‌లో ఎఫిషియెన్సీ దానంతట అదే పెరుగుతుంది, ఎందుకంటే తడి గింజల్లో చిక్కుకుపోయే వర్ట్ పలుచగా ఉంటుంది, దాంతో పోయే చక్కెర తక్కువ. నేను ఇంగ్లిష్ మైల్డ్ లాంటి తేలిక బీరు చేసినప్పుడల్లా అనుకున్నదానికి నాలుగైదు పాయింట్లు పైనే వస్తుంది, ఇంపీరియల్ స్టౌట్ చేస్తే అదే సామాగ్రితో పది పదిహేను పాయింట్లు కిందే ఆగుతుంది. అందుకని సాఫ్ట్‌వేర్‌లో ఒకే ఎఫిషియెన్సీ అంకెను అన్ని బీర్లకూ పెట్టకూడదు. మామూలు బలం ఉన్న బీర్లకు ఒకటి, గట్టివాటికి వేరేది పెట్టుకోవాలి.

కొలత తప్పేమో అన్న అనుమానం. మొదట వేడి వర్ట్‌లో చూశానని, వేడి వల్లే ఎక్కువ చూపించిందేమోనని అడిగారు. వేడి ప్రభావం అటు కాదు, ఇటు. వేడి ద్రవం పలుచబడుతుంది, హైడ్రోమీటర్ మరింత లోతుకు మునుగుతుంది, గ్రావిటీ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. 60 డిగ్రీల ఫారెన్‌హీట్‌కు తయారైన హైడ్రోమీటర్‌ను 40 డిగ్రీల సెల్సియస్ వర్ట్‌లో వేస్తే సుమారు ఏడు పాయింట్లు తక్కువ కనిపిస్తాయి. కాబట్టి అనుకోకుండా ఎక్కువ వచ్చిన ఓజీకి వేడి ఎప్పుడూ కారణం కాదు. చల్లారాక మళ్ళీ కొలిచి 1.068 అని రాశారు కదా, దాన్నే నేను లెక్కలో తీసుకున్నాను.

హైడ్రోమీటర్ మీద నమ్మకం కుదరాలంటే పది నిమిషాల పని. దాని కాగితం మీద ఏ ఉష్ణోగ్రత రాసి ఉందో, ఆ ఉష్ణోగ్రతలో డిస్టిల్డ్ నీళ్ళు పెట్టి చూడండి, 1.000 రావాలి. తర్వాత 100 గ్రాముల పంచదారను 900 గ్రాముల నీళ్ళలో కరిగించి చూడండి, 1.040 రావాలి. గాజు గొట్టంలో కాగితం జారిపోయిన హైడ్రోమీటర్లు నేను చూశాను. జారితే రెండు చోట్లా ఒకే తేడా వస్తుంది. ఆ తేడాను ఒక టేపు మీద రాసి గొట్టానికి అంటించుకుంటే మళ్ళీ కొనక్కర్లేదు.

రిఫ్రాక్టోమీటర్ (ఒక చుక్కతో చక్కెర కొలిచే పరికరం) వాడేవాళ్ళకు వేరే చిక్కు ఉంది. మరిగే వర్ట్ నుంచి రెండు చుక్కలు గరిటెతో తీసి, అది ఒక్క నిమిషం చల్లారేలోపే నీరు ఆవిరై చక్కెర చిక్కబడుతుంది, బ్రిక్స్ (చక్కెర శాతం) ఎక్కువ చూపిస్తుంది. చుక్కను డ్రాపర్‌లోకి పీల్చి, డ్రాపర్‌లోనే చల్లారనిచ్చి గాజు మీద వేయాలి. ఈ పరికరాలు పంచదార నీళ్ళకు తయారైనవి, వర్ట్‌లో పంచదార ఒక్కటే ఉండదు, అందుకే వచ్చిన అంకెను 1.04తో భాగించడం వాడుక. అలా సరిచేశాక నాలుగుతో గుణిస్తే పాయింట్లు దాదాపుగా వస్తాయి.

నీళ్ళు కలపాలా, వద్దా? ఇక్కడ నా అభిప్రాయం గట్టిగానే చెప్తాను: మీ విషయంలో కలపడమే మంచిది. కొందరు "గట్టి బీరు వచ్చింది, సంతోషించు" అంటారు. నేను అలా అనను, ఎందుకంటే మీ హాప్స్ 5 గ్యాలన్ల 1.054 బీరుకు లెక్కేసి వేసినవి. ఇప్పుడు ఉన్నట్టే వదిలేస్తే బీరు 1.068 నుంచి యూఎస్-05తో 1.014 దాకా దిగుతుంది, ఆల్కహాల్ 7 శాతం దాటుతుంది. చేదు కూడా తక్కువ నీళ్ళలో ఉంది కాబట్టి కొంచెం పెరుగుతుంది గానీ, చిక్కటి వర్ట్‌లో హాప్స్ చేదు సరిగా దిగదు కాబట్టి ఆ పెరుగుదల చాలదు, 40 ఐబీయూ దగ్గర ఉంటుందని నా అంచనా. బీజేసీపీ (బీరు పోటీల న్యాయనిర్ణేతల సంస్థ) స్టైల్ మార్గదర్శకాల్లో అమెరికన్ పేల్ ఏల్ ఓజీ 1.045 నుంచి 1.060 దాకా, అమెరికన్ ఐపీఏ (ఇంకా గట్టి, చేదు రకం) 1.056 నుంచి 1.070 దాకా. మీ గ్రావిటీ ఐపీఏది, చేదు పేల్ ఏల్‌ది. తాగితే కొంచెం తియ్యగా, బరువుగా, నాలుక మీద మందంగా ఉంటుంది. తప్పేమీ లేదు, కానీ మీరు చేయాలనుకున్న బీరు అది కాదు.

బకెట్‌లో మొత్తం 289 ఉంది కదా, 5 గ్యాలన్లకు చేరిస్తే 289ని 5తో భాగించి 57.8, అంటే 1.058. పేల్ ఏల్ హద్దుల్లోనే ఉంది. యూఎస్-05 1.012 దగ్గర ఆగిందనుకుంటే ఆల్కహాల్ 6 శాతం. పట్టుబట్టి 1.054కే తేవాలంటే 5.35 గ్యాలన్ల దాకా కలపాలి. అంత దూరం వెళ్ళొద్దనే నా సలహా. మీ హాప్స్ 5 గ్యాలన్లకే సరిపోయాయి, అంతకు మించితే చేదు పలచబడుతుంది, ఆరున్నర గ్యాలన్ల బకెట్‌లో నురగకు చోటూ తగ్గుతుంది. రెసిపీ చెప్పిన పరిమాణం దాకా కలపండి, అక్కడ ఆగండి. ఆ గీత దాకా మీరు కలిపేది బాయిల్‌లో ఎగిరిపోయిన నీళ్ళే. ఆ గీత దాటాక కలిపేదే అసలు పలచన.

నీళ్ళ సంగతి జాగ్రత్త. అమెరికాలో చాలా నగరాల్లో కుళాయి నీళ్ళలో క్లోరిన్ బదులు క్లోరమైన్ ఉంటుంది. క్లోరిన్ మరిగిస్తే పోతుంది, క్లోరమైన్ అంత తేలిగ్గా పోదు. అది ఈస్ట్ తయారుచేసే పదార్థాలతో కలిస్తే బీరుకు ఆసుపత్రి బ్యాండేజీ వాసన పడుతుంది, ఆ వాసన ఇక పోదు. అందుకని స్టోర్‌లో ఆర్‌ఓ నీళ్ళ డబ్బా కొని, పది నిమిషాలు మరిగించి, మూతపెట్టి ఫెర్మెంటర్ ఉన్న ఉష్ణోగ్రతకు చల్లార్చండి. కలిపే గరిటె, గిన్నె, మీ చేతులు అన్నీ శానిటైజర్‌తో శుభ్రం చేసుకోండి.

ఆక్సిజన్ తగిలితే బీరు పాడవుతుంది కదా అని భయపడ్డారు. ఆ భయం సరైనదే, కానీ సమయం వేరు. ఈస్ట్ వేసి ఒక రోజు కాలేదు. ఈ దశలో ఈస్ట్ పెరగడానికి ఆక్సిజన్ కావాలి, ఉన్నదంతా తనే వాడేసుకుంటుంది. ఫెర్మెంటేషన్ జోరందుకున్నాక, ముఖ్యంగా అయిపోయాక, ఇలా మామూలు నీళ్ళు కలిపితే మాత్రం బీరు అట్టముక్క వాసన కొడుతుంది. పెద్ద బ్రూవరీలు గట్టిగా బ్రూ చేసి చివర్లో నీళ్ళు కలుపుతాయి నిజమే, కానీ వాళ్ళు ఆక్సిజన్ తీసేసిన నీళ్ళు వాడతారు, ఆ సామాగ్రి మనకు ఇళ్ళల్లో ఉండదు. రేపటి తర్వాత కలపొద్దని పైన చెప్పింది అందుకే.

కలిపాక కింది నుంచి పైకి నెమ్మదిగా తిప్పి, అప్పుడు గ్రావిటీ చూడండి. నీళ్ళు తేలిక, వర్ట్ బరువు, తిప్పకపోతే పొరలుగా నిలబడతాయి. ఒక మిత్రుడి బ్యాచ్‌లో ఇదే పొర తికమక పెట్టింది. ఆయన స్పార్జ్ చేసేవాడు, అంటే గింజల మీద మళ్ళీ వేడి నీళ్ళు పోసి మిగిలిన చక్కెర దించేవాడు. మొదట దిగిన చిక్కటి వర్ట్ కెటిల్ అడుగున, తర్వాత దిగిన పలుచటిది పైన నిలిచింది. అడుగు కుళాయి తిప్పి నమూనా తీస్తే 1.080 దాటింది. మొత్తం తిప్పి మళ్ళీ తీస్తే 1.050లోపే ఉంది. ఎవరైనా నమ్మలేని ఓజీ చెప్తే నేను అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని గ్యాలన్లు", రెండోది "తిప్పారా".

ఈస్ట్ విషయంలో: 1.058కి పదకొండున్నర గ్రాముల ప్యాకెట్ ఒకటి చాలు. నీళ్ళు కలపకుండా 1.068తోనే వదిలేస్తే ఒక ప్యాకెట్ హద్దు మీద ఉన్నట్టు. ఇంకొకటి ఉంటే ఇవాళే చల్లేయండి, లేకపోయినా పని అవుతుంది, కాకపోతే రెండు మూడు రోజులు ఎక్కువ పట్టొచ్చు. మీ ఊరి ఎండకు దానికంటే ముఖ్యమైంది చల్లదనం. బకెట్ లోపల వేడి గదికంటే నాలుగైదు డిగ్రీలు ఎక్కువ ఉంటుంది. మొదటి మూడు రోజులు వర్ట్ 20 డిగ్రీల సెల్సియస్ దాటకుండా చూసుకుంటే చాలు, తడి టవల్, ఫ్యాన్, ఐసు సీసాలు పెట్టిన తొట్టి ఏదైనా సరే. సీసాల్లో నింపడానికి క్యాలెండర్ చూసుకోకండి. మూడు రోజుల తేడాతో రెండుసార్లు గ్రావిటీ చూసి, ఒకే అంకె వచ్చాకే నింపండి. ఎక్కువ ఓజీతో మొదలైన బీరులో మిగిలిన చక్కెర సీసాలో పులిస్తే సీసా పగిలి గాయాలవుతాయి. ప్రైమింగ్ చక్కెర (సీసాలో గ్యాసు పట్టడానికి వేసేది) కూడా ఆ రోజు నిజంగా ఉన్న గ్యాలన్లకే లెక్కేయండి.

నీళ్ళు కాకుండా వేరే కారణం ఉందని ఎప్పుడు అనుకోవాలి? గుణకారం చేసినప్పుడు వచ్చిన మొత్తం గింజల పైకప్పులో 90 శాతం దాటితే నేను ఆగి ఆలోచిస్తాను. మీ గింజలతో 5 గ్యాలన్లలో 1.077 దాటడం సాధ్యమే కాదు, 387 అన్న పైకప్పు అక్కడే అయిపోతుంది. అంతకు మించి కనిపిస్తే కొలతల్లో ఏదో ఒకటి అబద్ధం: బకెట్ గీతలు, హైడ్రోమీటర్, షాపు తూకం. బకెట్ గీతలను అసలు నమ్మకండి, అర గ్యాలను తేడా ఉన్న బకెట్లు మార్కెట్లో దొరుకుతాయి. ఒక గ్యాలను నీళ్ళు 3.78 కిలోలు తూగుతాయి. వంటింటి త్రాసు మీద తూచి పోస్తూ మీ గీతలు మీరే గీసుకోండి, కెటిల్‌కి కూడా ఒక చెక్క గరిటె మీద గుర్తులు పెట్టుకోండి. షాపు తూకంలో ఒక పౌండు మాల్ట్ ఎక్కువ పడితే మీ బ్యాచ్‌లో ఐదారు పాయింట్లు పెరుగుతాయి, అందుకే తెచ్చిన మాల్ట్‌ను ఇంటికొచ్చాక నేను మళ్ళీ తూస్తాను. రెసిపీలో ఎఫిషియెన్సీ ఎంత అనుకున్నారో కూడా చూడాలి. 65 శాతం అనుకుని రాసిన రెసిపీని 80 శాతం తీసే చెయ్యి చేస్తే 1.054 కాస్తా 1.066 అవుతుంది, అందులో వింతేం లేదు.

ఇండియాలో ఉన్నవాళ్ళు కూడా ఇది చదువుతారు కాబట్టి ఒక మాట. అమెరికాలో కార్టర్ 1978లో సంతకం చేసిన చట్టం వల్ల ఇంట్లో బీరు చేసుకోవడానికి ఫెడరల్ స్థాయిలో అనుమతి వచ్చింది, పెద్దవాళ్ళు ఇద్దరున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో ఎక్సైజు చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం నేరం, సొంతానికే అయినా సరే. ఈ లెక్కలు హైదరాబాదు మైక్రోబ్రూవరీలో పనిచేసేవాళ్ళకు పనికొస్తాయి, ఇంట్లో మాత్రం ప్రయత్నించకండి.

వచ్చేసారి ఏం మార్చాలి? మాల్ట్ ఇప్పుడే తగ్గించకండి. ముందు ఆవిరిని పట్టుకోండి. ఒక ఆదివారం ఉత్త నీళ్ళు 6 గ్యాలన్లు అదే కెటిల్‌లో, మామూలుగా పెట్టే మంటతో అరగంట మరిగించి, ఎంత తగ్గిందో చూడండి. రెండింతలు చేస్తే మీ గంట లెక్క వస్తుంది. మంట కూడా తగ్గించండి. వర్ట్ పొంగి పొర్లేంత మరగక్కర్లేదు, పైభాగం మెల్లగా కదులుతూ ఉంటే చాలు, గ్యాసు కూడా మిగులుతుంది.

సంచి తీసేశాక, బాయిల్ మొదలవకముందే, బాగా తిప్పి గ్రావిటీ, పరిమాణం రెండూ రాసుకోండి. ఈ బ్యాచ్‌లో ఆ సమయంలో కొలిచి ఉంటే రెసిపీ ప్రకారం 1.046 రావాల్సినచోట 1.049 కనిపించేది, మ్యాష్ బాగుందని అక్కడే తెలిసేది. తర్వాత బాయిల్ ముగియడానికి పది నిమిషాల ముందు గరిటె పెట్టి లోతు చూడండి. తగ్గినట్టుంటే కెటిల్‌లోనే నీళ్ళు పోసేయండి. మరుగుతున్న వర్ట్‌లో కలిపితే శానిటైజర్ బెంగ లేదు, ఆక్సిజన్ బెంగ లేదు. ఎక్కువ ఓజీకి ఇంతకంటే తేలికైన మందు లేదు.

అదే షాపులో ఆడించిన మాల్ట్‌తో ఇంకో బ్యాచ్ చేసి, పరిమాణం సరిగ్గా 5 గ్యాలన్లు వచ్చాక కూడా ఎఫిషియెన్సీ 75 దగ్గరే ఉంటే, అప్పుడు మాల్ట్ తగ్గించండి. మీకు కావాల్సినవి 54 ఐదులు 270 పాయింట్లు. 0.75తో భాగిస్తే 360. క్రిస్టల్ ఇచ్చే 17 తీసేస్తే 343, దాన్ని 37తో భాగిస్తే తొమ్మిదింబావు పౌండ్ల టూ-రో. క్రిస్టల్ అర పౌండు అలాగే ఉంచండి, రంగు, రుచి దాన్నుంచే వస్తున్నాయి. కలిపాక వచ్చిన గ్రావిటీ, ఫెర్మెంటేషన్ అయ్యాక ఎఫ్‌జీ (పులిశాక ఉన్న గ్రావిటీ) ఇక్కడే రాయండి, సీసాల్లో నింపే ముందు ప్రైమింగ్ చక్కెర లెక్క కూడా చూసి చెప్తాను.